ఆరు అరల స్మోకర్ కొనమంటారా, బాబాయ్ గారూ?

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది టెక్సస్‌లోని ఫ్రిస్కో. ఈమధ్యే ఇల్లు మారాం. వెనక కాంక్రీటు పాటియో పెద్దది. ఇప్పుడు నా దగ్గరున్నది పలచటి రేకు ఆఫ్‌సెట్ స్మోకర్, అంటే పక్కన మంట పెట్టి ఆ పొగలో మాంసాన్ని నిదానంగా ఉడికించే రకం. ఏది వండినా అరగంటకోసారి కట్టె ఎగదొయ్యాలి. చలికాలంలో ఉత్తరపు గాలి మొదలైతే ఎంత మంట పెట్టినా వేడి నిలవదు. దీపావళికి, థాంక్స్‌గివింగ్‌కి మా ఇంట్లో నలభై, యాభై మంది చేరతారు. అందుకని రెండు గోడల మధ్య ఇన్సులేషన్ ఉన్న పెద్ద కేబినెట్ స్మోకర్, ఆరు అరలది చూశాను. మూడు వేల డాలర్ల పైమాటే. "ఇంకో ఫ్రిజ్ కొంటున్నావా?" అంటోంది మా ఆవిడ. కొనమంటారా? కొంటే ఏమేం చూసుకోవాలి? అన్నట్టు, మేం బీఫ్ తినం. మేక, కోడి, టర్కీ, ఎప్పుడైనా పోర్క్.

జవాబు: బాబాయ్ అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. అసలు విషయాన్ని చివర్లో, మాటవరసకి అన్నట్టు రాశావు. బీఫ్ తినం అని. అక్కడే నీ బేరం సగం తేలిపోయింది.

ఈ పెద్ద కేబినెట్లు బ్రిస్కెట్ (బీఫ్‌లో ఎద ముక్క), పోర్క్ షోల్డర్ లాంటి మొండి ముక్కల కోసం పుట్టినవి. పన్నెండు పౌన్ల బ్రిస్కెట్‌ని 250 డిగ్రీల (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కలే) దగ్గర పెడితే పన్నెండు గంటలకి తక్కువ పట్టదు. మాంసం లోపలి వేడి 150, 170 మధ్యకి వచ్చాక పైన చెమట పడుతుంది. ఆ చెమట ఆరుతూ ముక్కని చల్లబరుస్తుంది కాబట్టి ముల్లు గంటల తరబడి కదలదు. అలాంటి ముక్కని రాత్రి పదింటికి పెట్టేసి, పడుకుని, పొద్దున్నే లేచి చూసుకోవాలంటే గోడకి ఇన్సులేషన్ ఉండాల్సిందే. మరి నీ మేక తొడ? అయిదు పౌన్ల తొడ 250 నుంచి 275 మధ్య అయిదారు గంటల్లో ఎముక వదిలేస్తుంది. కోడి రెండు, మూడు గంటలు. టర్కీ కూడా పగటి వంటే. పొద్దున ఏడింటికి వెలిగిస్తే మధ్యాహ్నం భోజనానికి కాస్త ఆలస్యంగానైనా అందుతుంది. నిద్ర పాడయ్యేది ఎప్పుడో పోర్క్ షోల్డర్ పెట్టిన రోజే.

అంటే నీకు ఇన్సులేషన్ అక్కర్లేదని కాదు. గాలి దెబ్బకి, గుంపు వంటకి అది కావాలి. ఆరు అరలు మాత్రం వద్దు. నాలుగు చాలు.

నేను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ మెయింటెనెన్స్ చేసి రిటైరై, పిల్లల దగ్గరికి ప్లేనో వచ్చినవాణ్ణి. అక్కడ బాయిలర్‌కీ స్టీమ్ పైపులకీ వేడి పోకుండా మేం చుట్టిన లాగింగే ఇక్కడ స్మోకర్ రెండు రేకుల మధ్య ఉంటుంది. మినరల్ వుల్ అంటారు. దాని పని చాలా సూటి. నీ పాత రేకు డబ్బాలో మంట వేడిలో పెద్ద భాగం గోడల్లోంచి ఫ్రిస్కో ఆకాశంలోకి పోతోంది. దాన్ని పూడ్చడానికి పెద్ద మంట, పెద్ద మంటకి ఎక్కువ గాలి, ఆ గాలితో పాటు మాంసంలో తేమ కూడా పొగ గొట్టం ఎక్కుతుంది. గోడకి లాగింగ్ ఉంటే చిన్న నిప్పు చాలు. గాలి తక్కువ ఆడుతుంది, లోపల తేమ నిలుస్తుంది. మేక లాంటి కొవ్వు తక్కువ మాంసానికి ఇది వరం.

ఈ వరానికి ఒక మెలిక ఉంది. వేడి బయటికి పోని పెట్టెలో ఒకసారి 250 దాటి 320కి ఎగబాకిందనుకో, దిగడానికి గంట పైన పడుతుంది. నీ పాత దాంట్లో తలుపు తీస్తే క్షణాల్లో చల్లబడేది. ఇక్కడ గోడలే వేడిని పట్టుకుని కూర్చుంటాయి, పైగా తలుపు తీస్తే బొగ్గుకి గాలి అంది ఇంకా రాజుకుంటుంది. కాబట్టి 200 దాటగానే గాలి కంతలు సగానికి మూసెయ్, మిగతా దూరం మెల్లగా ఎక్కనీ. చిన్న ఫ్యాన్‌తో నడిచే కంట్రోలర్ పెట్టుకున్నా అంతే, తలుపు తియ్యబోయే ముందు ఫ్యాన్ ఆపాలి. లేకపోతే వేడి పడిపోయిందని అది హడావిడిగా గాలి ఊదేస్తుంది.

రెండో మెలిక కోడి చర్మం. తేమగా, నిదానంగా ఉడికే పెట్టెలో అది రబ్బరులా సాగుతుంది. మనవాళ్ళకి కరకరలాడాలి కదా! మీ గరాజ్‌లో ఏ మూలో పాత వెబర్ కెటిల్, అదే మూత ఉన్న గుండ్రటి బొగ్గు గ్రిల్, ఉంటే పారెయ్యకు. కేబినెట్‌లో పొగ పట్టించి, చివరి పది నిమిషాలు కెటిల్ మీద ఎర్రగా కాల్చు.

ఇక కొలతలు. అమ్మేవాళ్ళు ఇన్ని వందల చదరపు అంగుళాలు అంటారు, అది చెవిన పెట్టకు. మన విందుల్లో బిర్యానీ వచ్చే పెద్ద అల్యూమినియం ట్రే ఉంది చూశావూ, దాని అంచు పొడవు 21 అంగుళాలకి ఒక పావు తక్కువ, వెడల్పు 13కి ఒక పావు తక్కువ. ఆ ఖాళీ ట్రే ఒకటి పట్టుకుని షాపుకి వెళ్ళు. అరలోకి అడ్డంగానో నిలువుగానో అది దూరి, తలుపు పూర్తిగా పడాలి. అంచు తలుపుకి తగిలితే ఆ మోడల్ వదిలెయ్. ఎందుకంటే సగం ఉడికాక మేకని నువ్వు ట్రేలోకి మార్చి, కాస్త నూనె, ఉల్లిపాయలు వేసి, పైన ఫాయిల్ కప్పుతావు. మేకని చివరిదాకా బట్టబయలుగా పొగలోనే ఉంచితే ఎండు చేపే. అరకీ అరకీ మధ్య కూడా చూడు. నాలుగు అంగుళాలుంటే రిబ్స్ పడతాయి, తొడ పట్టదు. అరలు తీసి పైకీ కిందకీ మార్చుకునేలా ఉండాలి.

యాభై మందికి లెక్క చెబుతాను. అన్నం, పప్పు, ఇంకో రెండు కూరలు ఎలాగూ ఉంటాయి. ఎముకతో మనిషికి ముప్పావు పౌను పచ్చి మాంసం అనుకుంటే 38 పౌన్లు. అంటే తొడలూ భుజాలూ కలిపి ఎనిమిది ముక్కలు. రెండడుగుల చదరం అర మీద మూడేసి సుఖంగా పడతాయి. మూడు అరలు నిండాయి, నాలుగోది పన్నీరుకీ మొక్కజొన్న పొత్తులకీ. ఆరు అరల పెట్టెని నలుగురి కోసం వెలిగించినా ఆ ఉక్కంతా వేడెక్కాల్సిందే, ఆ బొగ్గంతా కాలాల్సిందే. హలాల్ షాపులో మాత్రం ముందే గట్టిగా చెప్పు. మేక అనగానే వాళ్ళ చెయ్యి అలవాటుగా రంపం మీదికి పోతుంది, కూర ముక్కలు కొట్టేస్తారు.

షాపులో తలుపు దగ్గర ఎక్కువసేపు నిలబడు. చిన్న కాగితం ముక్కని తలుపుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి మూసి లాగు. తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడ గాస్కెట్ (తలుపు అంచున గాలి చొరకుండా ఉండే పట్టీ) పట్టడం లేదు. నాలుగు మూలలా ఇలాగే చూడు, కిందిమూల మరీ ముఖ్యం. లోపలి రేకు అతుకులు మొత్తం వెల్డింగా, లేక రివెట్లా అని అడుగు. అతుకుల్లోంచి నీళ్ళో కొవ్వో లాగింగ్‌లోకి దిగితే తడిసిన వుల్ వేడిని ఆపదు, పైగా రేకుని లోపల్నుంచి తుప్పు తింటుంది. అందుకే ఎవరెంత ముచ్చటపడి చెప్పినా ప్రెషర్ వాషర్‌తో కడగొద్దు. సెకండ్ హ్యాండ్ దొరికితే దాన్ని 250 దగ్గర గంటసేపు నడిపించమను. గోడ మీద చెయ్యి ఆనించగలగాలి. ఒకచోట మాత్రం చురుక్కుమంటే అక్కడ వుల్ జారిందో తడిసిందో అని అర్థం.

బొగ్గు ఎలా పడుతుందన్న దాన్ని బట్టి ఇవి రెండు రకాలు. ఒకటి, కింద బొగ్గు ట్రే, దానిపైన నీళ్ళ పళ్ళెం. లూసియానాలో పుట్టిన బ్యాక్‌వుడ్స్ స్మోకర్లు ఈ తరహాకి పేరుపడ్డాయి. రెండోది గ్రావిటీ ఫీడ్. పక్కన నిలువు గొట్టం నిండా బొగ్గు పోస్తే అడుగున కాలుతున్న కొద్దీ పైది దిగుతుంది. రెండోది చూడముచ్చటగా ఉంటుంది గానీ పెద్ద బొగ్గు ముక్కలు గొట్టంలో అడ్డంపడి ఆగిపోతుంటాయి. వానాకాలంలో తడి బొగ్గు బంకర్లో ఇరుక్కుపోతే మేం సుత్తులు పట్టుకుని కొట్టేవాళ్ళం, ఆ సంబడం నీకు దీపావళి పూట ఎందుకు? నీకు నీళ్ళ పళ్ళెం రకమే నప్పుతుంది. పోర్క్ తరచుగా చేసేవాడివైతే గ్రావిటీ ఫీడ్ అనేవాణ్ణి.

కట్టె విషయానికొస్తే టెక్సస్‌లో పోస్ట్ ఓక్, పెకాన్ రెండూ మేకకి బాగుంటాయి. చిన్న నిప్పు మీద మెస్కీట్ అనే ఘాటు కట్టె ముక్కలు కుప్పగా వేస్తే తెల్లటి పొగ వచ్చి నాలుక మీద చేదు కూర్చుంటుంది. రెండు మూడు ముక్కలు చాలు.

డబ్బు కట్టే ముందు మీ పక్క గేటు వెడల్పు కొలుచుకో. నాలుగైదు వందల పౌన్ల ఉక్కు అది. ట్రక్కువాడు డ్రైవ్‌వే మీద దించేసి చక్కా పోతాడు. పచ్చికలో చక్రాలు కూరుకుపోతాయి కాబట్టి ప్లైవుడ్ పలకలు పరుచుకో. నీకు కాంక్రీటు పాటియో ఉంది, అదృష్టం. చెక్క డెక్ ఉన్నవాళ్ళు మాత్రం అది బరువు మోస్తుందో లేదో తెలిసినవాళ్ళకి చూపించి గానీ ఎక్కించొద్దు. చలిగా ఉందని గరాజ్‌లోకి తోసేవు, తలుపు తీసి ఉన్నా సరే వద్దు. గాలి కంతలన్నీ మూసేసినా బొగ్గు ఆరేదాకా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో మంచు పడి కరెంటు పోయినప్పుడు ఇదే టెక్సస్‌లో బొగ్గు గ్రిల్లులు ఇళ్ళల్లో పెట్టుకుని ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారో నువ్వూ చూసే ఉంటావు.

మీ ఆవిడతో చెప్పు, ఫ్రిజ్ అన్న మాట ఒప్పుకుంటున్నానని. నాలుగు అరల ఫ్రిజ్ అని.

ప్రశ్న: బాబాయ్ గారూ, ఎడిసన్ నుంచి రాస్తున్నాను. స్మోకర్‌లో చేసిన చికెన్ తొడ లోపల గులాబీ రంగులో ఉందని మా అత్తగారు ముట్టుకోలేదు. "పచ్చి మాంసం పెడతావా?" అని ఫోన్లో ఊరంతా చెప్పారు. మూడు గంటలు ఉడికింది! నిజంగా పచ్చిగా ఉన్నట్టేనా?

జవాబు: రంగుని బట్టి చెప్పలేం అమ్మాయ్. పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిస్తే ఆ గులాబీ రంగు ఎంత ఉడికినా పోదు. బ్రిస్కెట్ కోసేటప్పుడు అంచున కనిపించే ఎర్ర గీతకి ఇక్కడివాళ్ళు మురిసిపోతారు, మనవాళ్ళు బెంబేలెత్తుతారు. అంతే తేడా. మూడు గంటలన్న లెక్కా నమ్మకు. థర్మామీటర్ సూది ఎముకకి తగలకుండా బాగా మందంగా ఉన్నచోట గుచ్చు. కోడి ఏ ముక్కైనా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. తొడని 180 దాకా పోనిస్తే ఇంకా మెత్తబడుతుంది. ఈసారి అత్తగారి ఎదురుగానే గుచ్చి అంకె ఆవిడతోనే చదివించు. అప్పటికీ వినకపోతే ఆవిడ ప్లేటులో రొమ్ము ముక్క వెయ్యి, అక్కడ ఆ రంగు తక్కువ.

ప్రశ్న: అన్నయ్య గారూ, మేం హైదరాబాద్‌లో ఉంటాం. అట్లాంటాలో మా అబ్బాయి ఇంట్లో ఇలాంటి పెట్టెలో చేసిన మాంసం తిన్నాక మా వారికి అదే ధ్యాస. అక్కణ్ణుంచి తెప్పించాలంటే ఖర్చు మోయలేం. ఇక్కడే ఎవరితోనైనా చేయించుకోవచ్చా? ఏ కట్టె వాడాలి?

జవాబు: నిక్షేపంగా చేయించుకోండమ్మా. బేకరీ ఓవెన్లు చేసేవాళ్ళని పట్టుకోండి. బాలానగర్, చర్లపల్లి వైపు షెడ్లలో వాకబు చేస్తే దొరుకుతారు. కోల్డ్ రూములు చేసేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. వాళ్ళ చేతిలో ఉండేది పఫ్ ప్యానెల్, లోపలంతా ఫోమే. ఈ వేడికి అది పాడై కంపు కొడుతుంది. రెండు అంగుళాల రాక్‌వుల్ స్లాబ్ పెట్టమనండి. లోపలి రేకు 304 స్టెయిన్‌లెస్ అయితే మేలు, మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) అయినా ఫర్వాలేదు. చవగ్గా వస్తుందని జీఐ రేకు వెయ్యబోతారు, ఒప్పుకోకండి. దాని మీద జింకు పూత ఉంటుంది, నిప్పు దగ్గర అది ఉండకూడదు. తలుపు చుట్టూ గ్లాస్ ఫైబర్ తాడు కట్టించండి. పాత దుకాణాల్లో ఆస్బెస్టాస్ తాడు అంటగడితే డబ్బులు వాపసు తీసుకోండి. లోపల పెయింట్ వద్దు. మొదటిసారి మాంసం లేకుండా మూడు, నాలుగు గంటలు మండించాలి. ఆ నూనె జిడ్డు, వెల్డింగ్ వాసన పోవాలి కదా.

కట్టెకి మామిడి, జామ బాగుంటాయి. బాగా ఎండినవి చూసుకోండి. మన సర్కారు తుమ్మ ఇక్కడి మెస్కీట్‌కి దగ్గర చుట్టం, ఘాటు కూడా ఆ వంశానిదే. దాన్ని బొగ్గుగా వాడండి, పొగకి మామిడి ముక్క వేసుకోండి. వేప, నీలగిరి వద్దు. వడ్రంగి షాపులో ఊరికే వస్తున్నాయని ప్లైవుడ్ ముక్కలు తెచ్చారంటే మీ వారికి ఆ ధ్యాస ఒక్కపూటలో వదిలిపోతుంది.

ప్రశ్న: బాబాయ్, ఇర్వింగ్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్ మాది. బాల్కనీలో చిన్న ఎలక్ట్రిక్ స్మోకర్ పెట్టుకోవచ్చా?

జవాబు: బొగ్గుదైతే ఆలోచించనే వద్దు. చాలా ఊళ్ళలో అపార్ట్‌మెంట్ బాల్కనీలో, మండే గోడకి పది అడుగుల లోపు బొగ్గు వెలిగించడం ఫైర్ కోడ్‌కి విరుద్ధం. కరెంటుదైనా లోపల చెక్కముక్కలే కదా రాజుకునేది! లీజు కాగితం తీసి గ్రిల్లుల గురించి రాసిన పేరా చదువు, చదివాక ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకో. పై అంతస్తువాళ్ళు బట్టలు ఆరేసుకునేవాళ్ళైతే ఆఫీసు ఒప్పుకున్నా వాళ్ళు ఒప్పుకోరు.