నీ గుమాస్తా ఎంత బాగా రాస్తాడు?

ప్రియమైన తమ్ముడికి,

నీ సిట్‌కామ్ మొదటి ఎపిసోడ్ స్క్రిప్ట్ చదివాను. డైలాగులు చకచకా నడిచాయి. మేనేజర్ వచ్చినప్పుడల్లా నీ గుమాస్తా హీరో ఆఫీసులో దొంగచాటుగా రాసుకుంటున్న కథని గబుక్కున మూసేసి ఎక్సెల్ షీట్ తెరవడం నవ్వించింది, రెండుసార్ల వరకు. ఐదోసారికి నేను మేనేజర్ పక్షం చేరిపోయాను.

అసలు సంగతికి వస్తాను. నీ హీరోకి రచయిత కావాలని కోరిక అని స్క్రిప్ట్‌లో అందరూ చెబుతున్నారు. వాడు రాసింది మాత్రం ఒక్క వాక్యం కూడా కనపడలేదు. ఇంతకీ వాడు ఎంత బాగా రాస్తాడు? ఇది తేల్చుకోకుండా ముందుకు పోవద్దు. గొప్పగా రాస్తాడంటే చూసేవాళ్లకి జాలి పుట్టుకొస్తుంది, నవ్వు పారిపోతుంది. బొత్తిగా చేతకాదంటే వాడిని ఎగతాళి చేయడం తప్ప నీకు పని ఉండదు, నాలుగు ఎపిసోడ్లకే విసుగొస్తుంది. నా ఓటు మధ్యరకానికే. పేజీ నిండా డాంబికం, ఎక్కడో మధ్యలో ఒక మంచి వాక్యం. అది ఏ వాక్యమో వాడికి తెలియదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, రాయడం కెమెరాకి చిక్కని పని. మనిషి గోడకేసి చూస్తూ కూర్చోవడాన్ని ఎంతసేపు చూపిస్తావు? రాసిన కాగితం ఇంకొకరి చేతిలో పడితేనే సీన్ పుడుతుంది. అమెరికన్ సిట్‌కామ్ ‘ది ఆఫీస్’లో (2005–2013) బాస్ మైకేల్ స్కాట్ రాసుకున్న గూఢచారి సినిమా స్క్రిప్ట్ సిబ్బందికి దొరుకుతుంది. పాత్రలు పంచుకుని పైకి చదువుతారు. కథానాయకుడి వెంట తిరిగే తెలివితక్కువ అనుచరుడికి ముందు తన కింద పనిచేసే డ్వైట్ పేరే పెట్టి, తర్వాత కంప్యూటర్‌లో ఒక్క దెబ్బకి అన్నిచోట్లా మార్చేశాడాయన. ఒకచోట స్పెల్లింగ్ తప్పు కొట్టడంతో అక్కడ పాత పేరే మిగిలిపోయింది. పది డైలాగులు చెప్పలేనిది ఆ అచ్చుతప్పు చెప్పేసింది.

నీ వాడికీ అలాంటి కాగితం కావాలి. ప్రింటర్ పేపర్ వృథా చేయొద్దని నోటీసు రాయమన్నారనుకో. వాడు మూడు పేరాలు రాస్తాడు. అడవితో మొదలుపెట్టి, గొడ్డలి మీదుగా, తన ఏకాంతం దాకా వెళ్తాడు. మేనేజర్ ఎర్ర పెన్ను తీసి అంతా కొట్టేసి ఒక్క లైను ఉంచుతుంది: ‘రెండో వైపు ఖాళీగానే ఉంది, చూడండి.’ వాడు కుమిలిపోతాడు. మర్నాడు ఎవరో ఆ నోటీసుని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకుంటారు. కింద తన పేరు లేదని మళ్లీ ఏడుపు.

ఇక్కడ మేనేజర్ మంచి ఎడిటర్ అయింది, గమనించావా? నీ స్క్రిప్ట్‌లోనేమో ఆఫీసంతా కళాద్రోహులే. ఉద్యోగం రచయితని చంపేస్తుందన్నది మనకి మనం చెప్పుకునే ఓదార్పు. ‘మెటమార్ఫసిస్’ రాసిన కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు. చిత్రిక పట్టే యంత్రాల్లో పడి వేళ్లు తెగకుండా ఏం చేయాలో బొమ్మలతో సహా రిపోర్టు రాశాడు. ప్రమోషన్లూ వచ్చాయి. ఇంగ్లిష్ నవలాకారుడు ట్రోలప్ బ్రిటిష్ తపాలా శాఖలో మూడు దశాబ్దాలకు పైగా ఉద్యోగం చేశాడు. తెల్లవారుజామునే లేచి, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకి 250 మాటల లెక్కన నవలలు రాశాడు. నీ హీరో వీళ్లిద్దరి ఫోటోలూ డెస్క్ దగ్గర అంటించుకోవాలి, సాకులు మాత్రం సొంతవి చెప్పాలి. సెలవు దొరికిన రోజు ఒక్క ముక్కా రాయలేక, సోమవారం మీటింగ్‌లో మినిట్స్ రాస్తూ రెచ్చిపోవాలి.

చివర్లో ప్రచురణకర్త ఫోన్ చేసే సీన్ తీసెయ్. వాడు గెలిస్తే ఆఫీసు మానేస్తాడు, ఆఫీసు మానేస్తే నీ సీరీస్‌కి శుభం కార్డే. ఆశ వదులుకున్నా అంతే. ప్రతి ఎపిసోడ్‌లో గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావాలి. నిడివి కూడా చూసుకో. అమెరికన్ ఛానళ్లలో అరగంట స్లాటంటే ప్రకటనలు పోను ఇంచుమించు 22 నిమిషాలు. నీది నలభై దాటేలా ఉంది. ఆ కల సీన్ తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నీకది ప్రాణమని తెలుసు, అయినా తీసెయ్.

రెండో ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు నీ హీరో రాసిన కథ ఒకటి, వాడి భాషలో, వాడి తప్పులతోనే, నాలుగు పేజీలు రాసి పంపు. మధ్యలో దూరి బాగుచేయకు.

ఉంటాను,
అన్నయ్య