ఒకే జబ్బుకు రెండు మాత్రలా?

ప్రశ్న: మాది కావలి. నా భార్యకు 34 ఏళ్లు. ఏడాదిగా మేడ మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువేమోనని ఐరన్ మాత్రలు మింగించాం. చివరికి నెల్లూరులో గుండెలోకి గొట్టం పంపి చూసి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ అన్నారు. మొదటి రోజే ఆంబ్రిసెంటాన్, టడలాఫిల్ రెండూ రాశారు. మందుల షాపు కుర్రాడు టడలాఫిల్ చూసి ‘ఇది మగవాళ్ల మాత్ర కదన్నా’ అని నవ్వాడు. పది రోజులకు కాళ్లు వాచాయి, తలనొప్పి కూడా. ఒకటి ఆపి చూద్దామా? బాబుకు తోడుగా ఇంకొకరిని కనాలని ఆమె ఆశ.

జవాబు: మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు నాయనా. ఆ కుర్రాడిది సగం నిజమే, మందు అదే. రక్తనాళాన్ని వదులు చేయడం దాని పని. ఊపిరితిత్తుల్లోనూ అదే చేస్తుంది.

మీ కావలి కాలువనే తీసుకోండి. తూము మూసేవాడొకడు, తెరిచేవాడొకడు. ఈ జబ్బులో మూసేవాడికి బలమెక్కువ, తెరిచేవాడు నీరసపడతాడు. మొదటివాడి చెయ్యి పట్టుకుని ఆపేది ఆంబ్రిసెంటాన్, రెండోవాడికి సాయం పట్టేది టడలాఫిల్.

నేనూ ఒకప్పుడు ఒక్క మాత్రతోనే మొదలెట్టేవాణ్ణి. ఆయాసం పెరిగాకే రెండోది. ఆలోపు గుండె కుడివైపు అలిసిపోయేది. 2015లో అచ్చయిన అంబిషన్ అనే పరీక్షలో 500 మందిని చూశారు. జబ్బు ముదరడం, ఆసుపత్రిలో చేరడం లాంటివి ఒక్క మందు వాడినవాళ్లలో నూటికి 31 మందికి, మొదటే రెండూ వాడినవాళ్లలో 18 మందికి వచ్చాయి. ముఖ్యంగా తగ్గింది ఆసుపత్రి చేరికలే. చావుల సంగతి ఆ పరీక్ష తేల్చేయలేదు.

కాళ్లవాపు ఈ జంటలో మామూలే. కానీ గుండె అలిసినా కాళ్లు వాస్తాయి, ఇంట్లో కూర్చుని తేల్చలేం. రోజూ పొద్దున బరువు రాసిపెట్టి, ఈ వారంలోనే చూపించండి. హిమోగ్లోబిన్ కూడా చూస్తారు. ఆయాసం పెరిగినా, కళ్లు తిరిగి పడినా అదే రోజు బయల్దేరండి. ఎండుచేపలు, ఊరగాయ పక్కన పెట్టాల్సిందే. నెల్లూరోణ్ణి, నాకూ చెప్పడానికి మనసొప్పదు. ఛాతీలో నొప్పంటే పక్కింటి పెద్దాయన నాలుక కింద పెట్టుకునే మాత్ర మాత్రం ఇవ్వకండి. టడలాఫిల్ మీద అది పడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇక బిడ్డ మాట. ఆంబ్రిసెంటాన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, ఈ జబ్బులో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు. గర్భం రాకుండా ఏ పద్ధతి వాడాలో ఈసారి వెళ్లినప్పుడే, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.