ట్రయల్‌లో ప్రాణం కాపాడిన మందు బయట ప్రమాదమా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. షుగర్ ఉంది. గుండె పంపింగ్ 30 శాతమే ఉందని రామిప్రిల్‌కి తోడు నాలుగు నెలల క్రితం స్పైరనోలాక్టోన్ 25 ఎంజీ మొదలుపెట్టారు. అప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6. ఇప్పుడు ఆయాసం తగ్గింది. కానీ నెట్‌లో ఒకచోట ఈ మందు ఆయుష్షు పెంచుతుందని, ఇంకోచోట దీనివల్ల పొటాషియం పెరిగి చాలామంది ఆస్పత్రి పాలయ్యారని చదివాను. టెన్షన్‌గా ఉంది. ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అంతట మీరు ఆపకండమ్మా. అయితే ఈ నాలుగు నెలల్లో పొటాషియం పరీక్ష చేయించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. చేయించకపోతే రేపే చేయించండి, క్రియాటినిన్‌తో కలిపి.

మీరు చదివినవి రెండూ నిజమే. 1999లో వెలువడిన రేల్స్ అనే ట్రయల్‌లో తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 1,663 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఈ మందు, రెండో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్లలో మరణాల ముప్పు 30 శాతం తగ్గింది. పొటాషియం ఇబ్బంది పెద్దగా కనిపించలేదు. దాంతో డాక్టర్లు ఈ మందు విరివిగా రాయడం మొదలుపెట్టారు.

తర్వాత కెనడాలోని ఒంటారియోలో 66 దాటినవాళ్ల మందుల లెక్కలనూ ఆస్పత్రి రికార్డులనూ కలిపి చూశారు. హార్ట్ ఫెయిల్యూర్‌తో రామిప్రిల్ జాతి మందులు వాడుతున్నవాళ్లలో పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 మంది, 2001 నాటికి 11 మంది!

మందు అదే. మరి తేడా ఎక్కడ? ట్రయల్‌లో క్రియాటినిన్ 2.5 దాటినవాళ్లను, పొటాషియం 5 దాటినవాళ్లను చేర్చుకోలేదు. చేరినవాళ్ల సగటు వయసు 65. మొదటి మూడు నెలలు నెలనెలా రక్తపరీక్ష. బయట ఇంత కాపలా ఎవరు కాస్తారు?

ఈ కథలో నాకు నచ్చేది స్కాట్లండ్ ముక్క. అక్కడి టేసైడ్ ప్రాంతపు రికార్డులతో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఈ మందు వాడకం బాగా పెరిగినా పొటాషియం అడ్మిషన్లు పెరగలేదు. రక్తపరీక్షలు మాత్రం ముందుకంటే ఎక్కువ చేశారు.

అలాగని రికార్డుల లెక్కలొక్కటే చూసినా మోసపోతాం. జబ్బు ముదిరినవాళ్లకే బలమైన మందులు రాస్తాం కదా, వాళ్లలో మరణాలు ఎక్కువుంటే ఆ నింద మందు మీద పడుతుంది. మందు పనిచేస్తుందా లేదా తేల్చడానికి ఆ లాటరీ కావాల్సిందే. అది మీ నాన్నగారిలాంటి వాళ్లకు ఎలా సరిపడుతుందో చెప్పడానికి రికార్డులు కావాలి.

ఇక మీ ఇంటి సంగతి. నా ఓపీకి వచ్చే పెద్దవాళ్లను మందుల కవరు బల్లమీద బోర్లించమంటాను. గుండె మాత్రల మధ్యలోంచి డైక్లోఫెనాక్ స్ట్రిప్పు ఒకటి జారిపడుతుంది, నాలుగు గుంతలు ఖాళీ. "మోకాళ్ల నొప్పులకి సార్, మెడికల్ షాపులో ఇచ్చారు" అంటారు. ఈ మందుతో అది కలిస్తే కిడ్నీ దెబ్బతిని పొటాషియం ఎగబాకుతుంది. మంచిదని తెచ్చుకునే లో సోడియం ఉప్పులో ఉండేది పొటాషియమే. కొబ్బరినీళ్లు కూడా రోజూ వద్దు.

పొటాషియం 5.5 దాటితే సాధారణంగా డోసు సగం చేస్తాం. 6 దాటితే మందు ఆపి అదే రోజు ఆస్పత్రికి రమ్మంటాం. అంతా బాగుంటే మూడు నెలలకోసారి పరీక్ష చాలు. నాన్నగారికి క్రియాటినిన్ 1.6 ఉంది కాబట్టి ఇంకా ముందే కావాలేమో మీ కార్డియాలజిస్టుని అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఆ రోజే ఆయనకు ఫోన్ చేయండి, మాత్ర వేయాలో వద్దో ఆయనే చెబుతారు.