లాన్‌లో వాన నీళ్లు నిలుస్తుంటే ఇసుక పోయించాలా?

వాన వెలిసి మూడు రోజులైనా లాన్‌లో నీళ్లు ఇంకడం లేదు, గడ్డి పసుపుపచ్చగా అయిపోతోంది, ఒక ట్రాక్టర్ ఇసుక పోయిస్తే సరిపోతుందా అని అడిగారు. ఆ ఇసుక పని నేను చేసి చూశానండి. డబ్బులు పోయాయి, నీళ్లు పోలేదు.

మాది గుంటూరు, నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలిస్తుంది. నాలుగు వానలు పడగానే ఉబ్బి ఆ బీటలన్నీ మూసుకుంటాయి, ఇక చుక్క కిందికి దిగదు. అందులో కాస్త ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకున్నాను. ఎండాక ఇటుకలా గట్టిపడింది.

ఆ తర్వాత ఒకాయన చెబితే బుద్ధిగా గుంత తీశాను. మీరూ ముందు ఆ పనే చేయండి. అడుగు లోతు గుంతలో నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి గంటకెంత దిగిందో చూడండి. అంగుళం దిగితే నేల బాగున్నట్టే. నాకైతే నీళ్లు పోసేదాకా కూడా రాలేదు. ముప్పావు అడుగు దిగేసరికి గునపం ఠంగుమంది. చూస్తే తెల్లటి గట్టి పొర. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు మాలు కలిపిన చోటది! దాని మీదే మట్టి కప్పేశారు, మేం ఆ పైన కొరియన్ గ్రాస్ పరుచుకుని మురిసిపోయాం. ఇద్దరు కూలీలు రోజంతా కష్టపడితే గానీ ఆ పెచ్చులు రాలేదు.

ఇంకోటి, మీ డాబా మీది వాన నీళ్ల పైపు ఎక్కడ పడుతోందో చూశారా? మాది సరిగ్గా లాన్ అంచునే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 930 లీటర్లు. ఆ పైపును పక్కకు తిప్పాకే సగం బురద తగ్గింది.

మిగిలినదానికి మేస్త్రీతో ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపిన గొట్టంతో ఎత్తుపల్లాలు చూడటం) పట్టించి, పది అడుగులకు రెండు అంగుళాల వాలు తీయించాను. పల్లపు అంచున అడుగున్నర లోతు కాలువ తవ్వించి, జియోటెక్స్‌టైల్ బట్ట (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) పరిచి, 20 ఎంఎం కంకర మీద చిల్లుల పీవీసీ పైపు వేయించాను, చిల్లులు కిందికి ఉండేలా. పైపు మీద కూడా కంకర పోసి బట్ట మూశాం. బట్ట దగ్గర పిసినారితనం వద్దు, అది లేకపోతే రేగడి కంకర సందుల్లో చేరి పూడిపోతుంది. పైపు చివర వీధి కాలువలో కలిపేట్టయితే, నిండు వానలో ఆ కాలువ మట్టం ఎంతుంటుందో ముందే చూసుకోండి. పైపు కంటే ఎత్తుగా ఉంటే మురుగంతా మీ లాన్‌లోకే వస్తుంది. ఇంకుడు గుంత మీద కూడా ఆశ పెట్టుకోకండి, అడుగున రేగడే ఉంటే అది నిండి ఊరికే బావిలా ఉంటుంది.

నేల తడిగా ఉన్నన్నాళ్లూ లాన్‌లో నడవొద్దు, తొక్కుడుకి ఇంకా బిగుసుకుపోతుంది. మా మామిడి చెట్టు కింద మూల మాత్రం ఇప్పటికీ చెమ్మే. అక్కడ గడ్డి ఆశ వదిలేసి మెట్టతామర వేశాను, ఏపుగా వచ్చింది.