ఎండ, వాన, మంచు... కారుకి ఒకే సెట్ టైర్లు సరిపోతాయా?

మీరు అడిగింది రెండు విషయాలు. అన్ని సీజన్లలో బండి బయటికి తీస్తారు కాబట్టి ఒకే సెట్ టైర్లు చాలా లేక సీజన్‌కి తగ్గట్టు మార్చుకోవాలా అని, ఇంకోటి ఏ కంపెనీ టైరు మంచిది అని. కంపెనీ సంగతి కాసేపు పక్కన పెట్టండి. నేను చాలా ఏళ్ళుగా కారు నడుపుతున్నా, ఎండలు మండిపోయే చోట నడిపా, కుండపోత వానల్లో నడిపా, కొన్నాళ్ళు మంచు పడే చోట కూడా నడిపా. నాకు అర్థమైంది ఏంటంటే ముందు చూడాల్సింది గాలి, తర్వాత ట్రెడ్ అంటే రోడ్డుకి ఆనే గాడుల భాగం, ఆ తర్వాతే కంపెనీ పేరు. ఒక్క మంచు విషయంలో మాత్రం టైరు రకమే మారాలి, అక్కడ గాలీ ట్రెడ్డూ ఎంత బాగున్నా మామూలు టైరు పనికిరాదు.

ముందు ఎండ గురించి. ఎండాకాలంలో గాలి తక్కువ పెట్టించాలి లేకపోతే టైరు పేలిపోతుంది అని చెప్పేవాళ్ళు ప్రతి చోటా ఉంటారు, దయచేసి అది నమ్మకండి, జరిగేది సరిగ్గా దానికి రివర్స్. గాలి తక్కువైతే టైరు తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎక్కువగా వంగుతూ ఉంటుంది, ఆ వంగడం వల్ల లోపల వేడి పుడుతుంది, దానికి రోడ్డు వేడి, స్పీడు, బండి నిండా లగేజీ తోడైతే లోపలి పొరలు విడిపోయి టైరు పేలుతుంది. ఒకసారి మిట్టమధ్యాహ్నం హైవే మీద మా ముందు కారుకి వెనక టైరు అలాగే పోయింది, ముందు ట్రెడ్ ముక్క ఒకటి ఊడి టపటపా కొట్టుకుంది, తర్వాత పెద్ద శబ్దం. ఆ డ్రైవర్ బ్రేక్ తొక్కలేదు, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేసి బండిని మెల్లగా పక్కకి తెచ్చుకున్నాడు, అందుకే ఎవరికీ ఏమీ కాలేదు. ఆ టైంలో భయపడి బ్రేక్ గట్టిగా తొక్కి ఉంటే బండి తిరిగిపోయేదేమో. ఇది మీ ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచండి.

ఎంత గాలి ఉండాలి అనేది డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, కొన్ని బండ్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. టైరు మీద రాసి ఉండే నంబర్ వేరు, అది ఆ టైరు తట్టుకోగలిగే గరిష్ఠం, దాన్ని చూసి గాలి కొట్టించకండి. ఆ స్టిక్కర్ మీదది కూడా టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క, అంటే బండి ఆగి కనీసం 3 గంటలైనా అవ్వాలి. 33 పీఎస్ఐ (గాలి ప్రెషర్‌ని కొలిచే లెక్క) పెట్టి బయల్దేరితే కాసేపటికి 36, 37 చూపిస్తుంది, అది మామూలే, ఎక్కువైంది కదా అని తీసేస్తే తెల్లారి చల్లబడ్డాక తక్కువ గాలితో తిరుగుతుంటారు. నైట్రోజన్ కొట్టిస్తే వేడికి ప్రెషర్ పెరగదు అనే మాట కూడా వింటుంటా, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి, కొట్టించుకుంటే నష్టం లేదు కానీ గేజ్ పెట్టి చూడటం మానేయకండి. టైర్ ప్రెషర్ లైట్ ఉందిగా అంటారు కొందరు, అమెరికా రూల్ ప్రకారం ఆ లైట్ ఉండాల్సిన గాలి కంటే 25 శాతం తగ్గితే వెలగాలి, అంటే 33 ఉండాల్సింది 25కి పడిపోయే దాకా అది వెలగకపోవచ్చు. అప్పటి దాకా ఆగడం చాలా ఎక్కువ.

ఇక వాన. నన్నడిగితే అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడే, ఎందుకంటే ఎండలో టైరు లోపం మెల్లగా బయటపడుతుంది, వానలో ఒక్క సెకనులో బయటపడుతుంది. చాలా రోజుల తర్వాత పడే మొదటి వాన ఇంకా ప్రమాదం, రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము నీళ్ళతో కలిసి జారుడుగా అవుతాయి, గట్టిగా వాన పడి అదంతా కొట్టుకుపోయే దాకా నిదానంగానే వెళ్ళాలి. నీళ్ళు నిలిచిన చోట స్పీడుగా వెళ్తే టైరు ఆ నీళ్ళని పక్కకి నెట్టలేక వాటి మీద తేలిపోతుంది, దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. నాకు జరిగినప్పుడు ముందుగా తెలిసింది శబ్దంలో, అప్పటిదాకా కింద నీళ్ళు చిమ్ముతున్న హోరు ఉన్నట్టుండి తగ్గింది, స్టీరింగ్ చేతిలో బరువే లేనట్టు తేలికైపోయింది, ఇంజిన్ ఆర్‌పీఎం కొంచెం పైకి లేచింది. అప్పుడు చేయాల్సింది యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకోవడమే, టైరు మళ్ళీ రోడ్డుని పట్టుకున్నాక అప్పుడు బ్రేకు.

ఇందులో కూడా గాలి పాత్ర ఉంది. నాసా వాళ్ళు 1960లలో విమానాల టైర్ల మీద పరిశోధన చేసి ఒక లెక్క తేల్చారు, టైరులో గాలి ఎంత తక్కువ ఉంటే అంత తక్కువ స్పీడులోనే నీళ్ళ మీద తేలుతుందని. అదే లెక్క కారుకి పెట్టి చూస్తే 32 పీఎస్ఐకి గంటకి 94 కిలోమీటర్ల దగ్గర, 25 పీఎస్ఐకి 83 దగ్గర వస్తుంది. ఇది అంచనా మాత్రమే, నీళ్ళ లోతు, ట్రెడ్, రోడ్డుని బట్టి మారుతుంది, గాడులు అరిగిపోయిన టైరైతే ఇంకా ముందే తేలిపోవచ్చు.

ట్రెడ్ చూడటానికి మెకానిక్ అక్కర్లేదు. గాడిలో గోరు పెట్టి చుట్టూ జరపండి, అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలు తగులుతాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ అరిగి ఆ దిమ్మలతో సమానం అయిందంటే టైరు అయిపోయినట్టే, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం కూడా అదే. కొత్త టైరుకి దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. నేను మాత్రం 3 మిల్లీమీటర్లకి వచ్చేసరికి మార్చేస్తా, వానాకాలం ముందైతే మార్చడానికి అసలు ఆలోచించను. చూసేటప్పుడు లోపలి అంచు కూడా చూడండి, వీల్ అలైన్‌మెంట్ తేడా ఉంటే బయటికి బ్రహ్మాండంగా కనిపించే టైరు లోపలి వైపు నున్నగా అయిపోయి ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

చలికి టైరులో గాలి దానంతట అదే పడిపోతుంది, 10 డిగ్రీలు తగ్గితే ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ దాకా తగ్గుతుంది, పంక్చర్ అనుకుని కంగారు పడక్కర్లేదు, సరిపడా కొట్టించుకుంటే చాలు. కానీ టెంపరేచర్ 7 డిగ్రీల కంటే కిందకి పోయి అలాగే ఉండే చోటైతే మనం మామూలుగా వాడే సమ్మర్ టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. వింటర్ టైర్ల రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉంటుంది, వాటి ట్రెడ్ మీద సన్నటి కోతలు బోలెడు ఉంటాయి, అవే మంచుని పట్టుకుంటాయి. కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడండి, ఆ బొమ్మ ఉంటే మంచులో టెస్ట్ పాసైన టైరు అని, ఉత్త ఎం ప్లస్ ఎస్ (M+S, బురద, మంచు అని అర్థం) అని మాత్రమే ఉంటే ఆ టెస్ట్ గ్యారంటీ లేదు. ఇంకోటి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధీమా పడొద్దు, అది బండి కదలడానికి సాయం చేస్తుంది కానీ ఆపేది టైర్లే. సున్నా డిగ్రీల దగ్గర కరిగీ కరగని ఐస్ అన్నిటికంటే ఎక్కువ జారుతుంది, దాని మీద వింటర్ టైరు కూడా అద్భుతాలు చేయదు.

కాబట్టి మీ దగ్గర మంచు పడకపోతే ఒకే సెట్ హాయిగా సరిపోతుంది, తడి రోడ్డు మీద బ్రేకింగ్ బాగుందని పేరున్న టైరు తీసుకోండి, ఎక్కువ కిలోమీటర్లు వస్తుందన్న ఒక్క కారణంతో మాత్రం కొనకండి. మంచు పడితే రెండు సెట్లు పెట్టుకోవడమే మంచిది, ఒకటి వాడుతున్నప్పుడు ఇంకోటి అరగదు కాబట్టి ఖర్చు అనుకున్నంత ఎక్కువ కాదు. రెండే టైర్లు మార్చేటట్టైతే కొత్తవి వెనక వేయించండి, ముందు చక్రాలతో నడిచే కారైనా సరే, తడి రోడ్డు మీద వెనక భాగం జారితే చాలామంది అదుపు చేయలేరు. కొనే ముందు టైరు సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి 4 అంకెలు చూడండి, 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని, షాపులో కొత్తగా మెరుస్తున్నా పాత స్టాక్ అయితే వద్దనండి. స్టెప్నీకి కూడా ఇదే చూడండి, దానిలో గాలి ఎవరూ చూడరు.

ఇప్పుడున్న టైర్లకి ట్రెడ్ ఎంత మిగిలింది, ఆ 4 అంకెలు ఏమున్నాయి కింద రాయండి, వెంటనే మార్చాలా కొన్నాళ్ళు ఆగొచ్చా నాకు తెలిసినంత వరకు చెప్తాను.