భుజం మాంసం పాడవుతోందంటే చూడవలసింది తాకే వేగం

వేటాడిన జింక భుజం మాంసం ఎందుకు పాడైందని మీరు అడిగారు. మీ 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ రైఫిల్, అందులో 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్ బరువు కొలత) మెత్తని సీసపు బులెట్, 60 గజాల దూరం, ఈ మూడూ కలిసినందువల్లనే వైట్‌టెయిల్ జింక ముందు భుజం నెత్తురు గడ్డలతో నిండి, కోసి పారేయవలసి వచ్చి ఉంటుంది. అంత దగ్గరలో బులెట్ చాలా వేగంగా ఉంటుంది; ఆ వేగంలో ఎముకను తాకగానే సీసం మీది పలుచని తొడుగు చిట్లి, సీసపు తునకలు కండలోకి చెదురుతాయి.

1. పెట్టె మీద ముద్రించినది బులెట్ గొట్టం దాటేటప్పటి వేగం. చాలామంది అక్కడే ఆగిపోతారు. మీకు కావలసినది జంతువును తాకేటప్పటి వేగం; తయారీదారు పట్టికలో మీ దూరానికి ఎదురుగా ఉన్న అంకె చూడండి. 60 గజాల వద్ద అది ఇంకా సెకనుకు 3000 అడుగులకు దగ్గరగానే ఉంటుంది.

2. ఆ వేగానికి 160 లేదా 175 గ్రెయిన్ల బాండెడ్ బులెట్ (సీసం తొడుగుకు అతికి ఉండేది) గాని, పూర్తి రాగి బులెట్ గాని తగినది. రాగిది వేగం బాగా తగ్గితే తాకినప్పుడు సరిగా విచ్చుకోదు (ముందుభాగం వెడల్పవదు) కాబట్టి, దూరపు గురిలో తాకే వేగం తయారీదారు చెప్పిన కనీస వేగం కంటే తగ్గకుండా చూసుకోండి. మాంసం మిగులుతుందని విచ్చుకోని ఫుల్ మెటల్ జాకెట్ బులెట్ (ముందుభాగం కూడా గట్టి లోహపు తొడుగుతో కప్పినది) మాత్రం వాడకండి. జంతువు గాయంతో పారిపోయి బాధపడుతుంది.

3. బులెట్ మార్చాక రైఫిల్‌ను మళ్లీ జీరో చేసి (గురిపెట్టిన చోటే బులెట్ తగిలేలా సరిచేసి), జంతువు పక్కకు తిరిగి నిలిచినప్పుడు భుజం వెనుక, పక్కటెముకల మీదుగా ఊపిరితిత్తులకు గురిపెట్టండి.