నది మట్టి పొరలను బట్టి ప్లాస్టిక్ ఎప్పటి నుంచి పేరుకుందో చెప్పగలరా?

చెప్పవచ్చు, కానీ నది నడుమ తవ్వి కాదు. అడిగినవారు నది అడుగున ఏటేటా పొర మీద పొర కుదురుగా పడుతుందని అనుకున్నట్టున్నారు. ఇంగ్లండులో మాంచెస్టర్ చుట్టుపక్కల నదుల్లో 2015-16 చలికాలపు వరదలకు ముందూ తర్వాతా లెక్కపెడితే, అడుగున చేరిన మైక్రోప్లాస్టిక్‌లో (అయిదు మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ తునకల్లో) దాదాపు 70 శాతం కొట్టుకుపోయింది. ఇక యాభై ఏళ్ల లెక్క అక్కడేం మిగులుతుంది? నీరు నెమ్మదించే చోటు కావాలి: పాత పాయ, లంక పల్లం, మడ అడవి.

2013లో ఒక ప్రయోగశాలలో ప్రాజెక్టు సహాయకుడిగా ఉండగా కోనసీమలో ఒక లంకకు వెళ్లాం. పల్లంలో గొట్టం దించి ఒండ్రు తీయాలి. అల్యూమినియం గొట్టం అడిగితే, ఆ కాగితం మూడు నెలలు బల్లల మీద తిరిగి చివరికి పీవీసీ గొట్టం వచ్చింది. ప్లాస్టిక్‌ను వెతకడానికి ప్లాస్టిక్ గొట్టం! ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

సుత్తితో దించి, తాడు కట్టి నలుగురం పైకి లాగాం. చీల్చి చూస్తే మెత్తని ఒండ్రు మధ్య బెత్తెడు ముతక ఇసుక. అదేమిటని మేము తర్జనభర్జన పడుతుంటే, మమ్మల్ని పడవలో దాటించిన పెద్దాయన వంగి చూసి, "ఎనభై ఆరు వరద మేట బాబూ అది. నా కొబ్బరి మొక్కలు దాని కిందే ఉన్నాయి" అన్నారు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కిన వరద అది. తర్వాత సీసం-210 (మట్టిలో సహజంగా చేరి క్రమంగా తరిగిపోయే రేడియోధార్మిక సీసం) లెక్కలోనూ ఆ పొర ఆ కాలానికే వచ్చింది. ఈ సీసం 22 ఏళ్లకు సగమవుతుంది కనుక నూరేళ్ల లోపు మట్టికి వయసు కట్టడానికి పనికొస్తుంది. అణుబాంబు పరీక్షల నుంచి రాలిన సీజియం అనే రేడియోధార్మిక లోహం 1963 పొరలో గుర్తు వదులుతుందంటారు గానీ, మన ఉష్ణమండలంలో అది బాగా పలుచన.

ఒండ్రును సెంటీమీటరు ముక్కలుగా కోసి, పెరాక్సైడుతో ఆకూ అలమూ కరిగించి, చిక్కటి ఉప్పునీటిలో తేల్చి వడకట్టాం. (ఆ నీటిలో పీవీసీ తేలదు కనుక గొట్టం గీరుడు లెక్కలోకి రాలేదు. పాలియెస్టరూ తేలదు, ఆ సంగతి నివేదికలో ఎవరూ రాయలేదు.) ఇసుక మేటకు పైన పోగులూ సంచుల తునకలూ బాగానే దొరికాయి; కిందకు వెళ్లేకొద్దీ తగ్గాయి. హమ్మయ్య అనుకునేలోగా 1930ల నాటి ముక్కలో ఒక నీలం పోగు! కాల్చిన సూది మొన తాకిస్తే ముడుచుకుపోయింది, నూలు కాదు. నైలాన్ తొలిసారి తయారైందే 1935లో, అదీ అమెరికాలో ఒక ప్రయోగశాలలో. రెండు రోజులు పీతల బొరియలనీ వేళ్ల సందులనీ సిద్ధాంతాలు అల్లాం. మూడో రోజు గది మూలన పడి ఉన్న మా తాడు నా కంటపడింది. నీలం నైలాన్. దాన్ని లాగిన చేతులతోనే గొట్టం చీల్చింది నేను.

బొరియల సిద్ధాంతం పూర్తిగా తప్పేమీ కాదు. లాత్వియా సరస్సుల్లో 1700ల తొలి సగం నాటి పొరల్లోనూ మైక్రోప్లాస్టిక్ దొరికిందనీ, అది పై నుంచి కిందకు దిగిందేననీ 2024లో ప్రచురించారు. అందుకే తొలి పోగు దొరికిన పొరను పట్టుకుని "ఈ ఏడాదే మొదలు" అనేవారిని నేను నమ్మను. పక్కన ఖాళీ గాజు పళ్లెం పెట్టి, గదిలో గాలి నుంచి ఎన్ని పోగులు పడ్డాయో చెప్పని లెక్కను అసలే నమ్మను. కాగితాల మీద కనిపించే కాలుష్యంలో సగం పరిశోధకుల చొక్కాలదీ తాళ్లదీ అని నా గట్టి అనుమానం.

అయినా ఇలాంటి లెక్కలు ఇంకెన్నాళ్లు వేయగలం? నిరుడు అదే లంకకు వెళ్లాను. మేము గొట్టం దించిన పల్లంలో రెండు నిలువుల గొయ్యి ఉంది. ఒండ్రంతా ఇటుక బట్టీలకు పోయిందట. గొయ్యి గోడలో ఇసుక మేట చార ఇంకా కనిపిస్తోంది, దాని కింద రెండు కొబ్బరి మొదళ్లు.